ఎడమకాలి పద్దు

కిట్వేలో, రాగి చిట్టెం గుట్ట కింద
ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు గుమస్తాను నేను.
నా కిటికీలోంచి సగం మైదానమే కనిపిస్తుంది,
డిఫెండర్లు నిలబడే సగం.
మావాళ్లు గోల్ కొట్టగా నేను చూడలేదు,
మా మీద పడ్డవే చూశాను.
సగం ఆట అయ్యాక వైపులు మారతాయి కదా అంటారు.
అప్పటికి నేను టికెట్ల చిల్లర లెక్కపెడుతూ ఉంటాను.

లుబుటో కసోంగొలె వచ్చినప్పుడు పంతొమ్మిదేళ్లు.
బంతి ఎటు పోతే అటు జారి పడేవాడు.
నిక్కరు నిండా ఎర్రమట్టి, జనం చప్పట్లు.
ముసలి కోచ్ బా షిచిలెంగే చప్పట్లు కొట్టలేదు.
"పడ్డవాడు లేచేలోపు ఆట వెళ్లిపోతుంది.
పడకు. నిలబడు.
బంతిని చూడకు, వాడి నడుం చూడు.
కళ్లు బొంకుతాయి, కాళ్లు బొంకుతాయి,
నడుం ఎటు తిరిగితే మనిషి అటే."

ఆ తర్వాత అతని ఎడమకాలి మీద పడ్డాడు ముసలాయన.
కుడికాలికి రబ్బరు చెప్పు, ఎడమకాలికి బూటు,
ఎదురుగా నా స్టోరు గది గోడ.
రెండు వానాకాలాలు
నా బల్ల మీద సిరాబుడ్డి ఊగుతూనే ఉంది.
రెండు వందల పన్నెండు, రెండు వందల పదమూడు...
ఎవరూ చెప్పకుండానే లెక్కపెట్టాను,
అలవాటు.
మొదట్లో గోడకు తగిలి బంతి ఎక్కడికో పోయేది,
అతను పరిగెత్తేవాడు.
ఒకరోజు అతను కదల్లేదు.
బంతే తిరిగొచ్చి పాదం దగ్గర ఆగింది,
పెంపుడు కుక్కలాగా.

మూడో ఏడు, ముందుకు ఉరికే కుర్రాళ్లు
అతని ఎదురుగా వచ్చి ఆలోచనలో పడేవారు.
అతనేం చేసేవాడు కాదు. వెనక్కి వెనక్కి నడిచేవాడు.
వాళ్లే తొందరపడి బంతి అప్పగించి పోయేవారు.
క్యాంటీన్‌లో న్షిమా ముద్ద పిసుకుతూ కూడా
భుజం మీంచి వెనక్కి చూసుకునేవాడు.

ఆ ఏడే కొత్త ఒప్పందం.
నా గది, నా బల్ల, నా పెన్ను.
తెల్లబూట్ల ఏజెంటు నవ్వుతూ కాగితాలు తిప్పాడు,
పదకొండు పేజీలు.
లుబుటో అంకె ఉన్న పేజీనే చూశాడు,
చిన్నపిల్లలు బంతిని చూసినట్టు.
జారి పడ్డాడు.
ఏడో పేజీలో ఏముందో నాకు తెలుసు.
జీతంలో ఐదోవంతు ఏజెంటుది.
దెబ్బ తగిలి రెండు నెలలు దాటితే జీతమే లేదు.
తెలియకేం, టైపు చేసిందే నేను.
పెన్ను మూత పెట్టి లోపల పెట్టుకున్నాను.

చేతికొచ్చిన డబ్బుతో మినీబస్సు కొన్నాడు,
చాలనిదానికి బ్యాంకు అప్పు.
బావమరిది నడిపాడు.
నడిపాడు అంటే, నాలుగు నెలలు.
ఇంజను ఇప్పుడు ఎవరి పెరట్లోనో ఉంది,
వడ్డీ మాత్రం రోడ్డు మీదే తిరుగుతోంది.
అంతలో గనిలో ఒక బావి మూశారు.
క్లబ్బుకు డబ్బు ఆగింది.
నా రిజిస్టర్లో బాకీ కాలమ్ లావెక్కింది.
కసోంగొలె: ఐదు నెలలు.
అతని ఎడమకాలికి మాత్రం
ఏ పేజీలోనూ కాలమ్ లేదు.

మొన్నటి నుంచి మోకాలు వాచింది.
మేజోడు పైకి లాగి కట్టు దాస్తున్నాడు.
ఏడో పేజీ ఎవరో చదివి వినిపించినట్టున్నారు.
నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు.
ఈసారి చెప్పకపోవడం
ఆ పాత చెప్పకపోవడానికి చెల్లుపడుతుందా?
లెక్కల మనిషిని, నాకే తెలియడం లేదు.

ఇదివరకు శుక్రవారం శుక్రవారం
కిటికీ దగ్గరికొచ్చి "వచ్చిందా?" అని అడిగేవాడు.
ఇప్పుడు అడగడు.
చువ్వలు పట్టుకుని నిలబడతాడు.
నా కళ్లలోకి చూడడు, నా చేతుల్ని చూడడు.
కుర్చీలోంచి లేస్తున్న నా నడుం చూస్తాడు,
ఇనప్పెట్టె వైపా, రిజిస్టర్ వైపా అని.
నేను పూర్తిగా తిరగనే లేదు,
అతను వెళ్లిపోతున్నాడు,
కుడికాలికి రబ్బరు చెప్పుతో, గోడ దగ్గరికి.

ఒకటి.
సిరాబుడ్డి ఊగింది.