ఉప్పు వెలుగు

పర్లాకిమిడి కాలేజీలో చీకటి గది.
సోడియం దీపం ముందు గులాబీగా లేస్తుంది,
పసుపు కావడానికి పది నిమిషాలు.
"తొందరెట్టకండి, దాని మానాన దాన్ని ఎక్కనీండి"
అంటాడు అటెండరు సవర మంగయ్య.
ముప్పయ్యేళ్ళుగా వెలిగిస్తున్నాడు,
ఒక్కసారీ గొట్టంలోకి చూడలేదు.

ఆ సాయంత్రం పిల్లలంతా పాతపట్నం బస్సుకి పరిగెత్తాక
నేనే పిలిచాను.
కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి
చాలాసేపు.
"రెండు గీతలు బాబూ. ఎంట్రుకవాసి ఎడం.
ఒకే ఉప్పుకి రెండేటి?"

లోపలి ఎలక్ట్రానుకి స్పిన్ ఉందన్నాను.
బొంగరంలా తిరగడం కాదన్నాను.
మరేమిటో చెప్పడం
ఇరవయ్యేళ్ళ పాఠాల తర్వాత కూడా నాకు రాలేదు.
కొలిస్తే పైకి, లేదా కిందికి;
నడిమి జవాబు ఇవ్వదు.

నవ్వాడు.
"జనాభా లెక్కలాయనా ఇంతే.
అమ్మతో మా సవర మాట, ఇంటిదాంతో తెలుగు,
కచేరీలో ఒడియా.
ఆయన కాగితంలో ఒకటే గడి.
ఏదో ఒకటి చెప్పీసాను.
చెప్పాక అదే అయిపోనాను."

దీపం ఆర్పి, అది చల్లారేదాకా
స్టూలు మీదే కూర్చున్నాడు.
వేడి మీద మళ్ళీ వేస్తే వెలగదది.

మర్నాడు తాళాల గుత్తితో వచ్చి
గుమ్మంలోనే అన్నాడు:
"రాత్రి పొయ్యిలో చిటికెడు ఉప్పేసి చూసాను.
అదే పసుపు.
రెండూ కలిసే మండుతున్నాయి బాబూ.
విడదీసే గొట్టం మా ఇంట్లో లేదు గదా."