ఇంకో పది

కాయానీ ఆసుపత్రి, మూడో అంతస్తు.
రెండు ఇనుప కమ్మీల మధ్య నిలబడింది తైమి.
ఎనభై రెండేళ్ళ కాలికి మూడు వారాల మోకాలు.
"వంచండి," అన్నాడు ఓత్సో,
మనవడి ఈడువాడు, చెవికి పోగు,
"భయమొద్దు, లోపల ఉన్నది టైటానియం."

వంచింది.
కుడిపాదం అడక్కుండానే వెనక్కి జరిగింది.
వేళ్ళు ట్రాక్‌ప్యాంటు పక్కన
లేని గౌను అంచు కోసం తడుముకున్నాయి.
నడుం నిటారు, చూపు నేల మీద.
అరవై ఏళ్ళుగా మూలనపడ్డ మర్యాద
ఈ కొత్త లోహంలోకి ఎప్పుడెక్కిందో!

"ఇదేం వ్యాయామం? నేను నేర్పలేదే!"

ఏం చెబుతుంది?
ఆడపిల్ల మోకాలు ఊరుమ్మడి సొత్తు ఆ రోజుల్లో.
పాస్టరుగారు ఎదురైతే ఒకసారి,
పంతులమ్మకి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ,
ఉప్పుచేపల కొట్టు హిల్తునెన్‌కి కూడా,
చిల్లర తక్కువిచ్చినా సరే.
ఓసారి స్కీల మీద పోతుంటే
డాక్టరు భార్య కనబడింది.
కాలు వెనక్కి పెట్టే వీల్లేక
రెండు మోకాళ్ళూ ఒక్కసారే వంచి
మంచులో బోర్లా పడింది తైమి.
ఆవిడ చెయ్యందించలేదు గానీ
"మంచి పిల్ల" అంది.

తర్వాత ఏ ఏడాదో, ఎవరూ చెప్పకుండానే
ఆగిపోయింది అదంతా.
కూతురు హెడ్మాస్టరుకి చెయ్యూపి వెళ్ళిపోతుంటే
తైమికి కోపమొచ్చింది,
ఆ రాత్రి తెలిసింది అది కోపం కాదని.

"మోకాలు!" అని వెనకనుంచి వీపు పొడిచేది అమ్మ.
ఆ వేలు ఎండాకాలమూ చల్లగానే ఉండేది.
గడ్డకట్టిన నదికి కన్నం కొట్టి
ఊళ్ళోవాళ్ళ దుప్పట్లు జాడించే వేలు.
పెద్దిళ్ళ పెరటి గుమ్మాల్లో
తడిమూట చంకనుండగానే వంగేది అమ్మ కూడా.
కారిన నీళ్ళు మెట్టు మీదే బిగుసుకునేవి.
జారుతుందని మర్నాడు తనే వచ్చి
ఉప్పు చల్లేది.

అమ్మకి ఎవరూ వంగలేదు.
తనూ వంగలేదు.
ఇంట్లో మనిషికి ఎవరైనా వంగుతారా?

"ఇంకో పది," అన్నాడు ఓత్సో.

కిటికీ అవతల, తెల్లటి నది నడుమ
దుప్పటంత మేర
నల్లగా నీళ్ళు తెరుచుకున్నాయి.
తైమి అటు తిరిగింది.
కమ్మీ మీంచి ఒక చెయ్యి తీసేసింది.
"పట్టుకోండి, పట్టుకోండి!" అంటున్నాడు అతను.

ఒకటి.
నొప్పి.
రెండు.