నాలుగో పాఠం, ఎర్దెనెట్

ఏడుగురు వచ్చారు. ఎనిమిదోవాడు దవాసురెన్
రాగి గని నుంచి ఇంకా దిగలేదు.
తలుపు సందులో మంచు పేరుకుంది,
తడి బూట్లన్నీ పొయ్యి చుట్టూ
కుక్కపిల్లల్లా ఒదిగాయి.

పన్నెండు వారాల్లో వీళ్ళు
తలా ఒక ఇంట్లో పదిమందిని కూర్చోబెట్టి
మన విశ్వాసం ఇదీ అని చెప్పగలగాలి.
నేర్పేది నేను. నాకే నోరు తిరగని మాటలు కొన్ని.
దేవుణ్ణి మంగోల్ భాషలో ఏ పేరుతో పిలవాలో
పెద్దలింకా తగువులాడుతూనే ఉన్నారు.

ఈ రాత్రి త్రిత్వం.
నోమిన్ చెయ్యెత్తింది:
"తేలికే అక్కా. గుమ్మంలో మంచు, కెటిల్లో నీళ్ళు,
దాని మూతిలోంచి ఆవిరి. మూడూ ఒకటే కదా!"
గుడారం మొత్తం తలూపింది.
మైనస్ ముప్పైలో ఆ మూడూ చేతికందేవే.

"కాదు," అన్నాను.
"మంచు కరిగితేనే నీళ్ళు, మరిగితేనే ఆవిరి.
కుమారుడు నదిలోంచి లేస్తుంటే
తండ్రి గొంతు పైనుంచి వినబడింది,
ఆత్మ పావురంలా దిగాడు,
ఒకే వేళ. ఎవరూ వేషం మార్చలేదు."
నోమిన్ కెటిల్ బొమ్మ కొట్టేసింది.
"మరి దేనితో పోల్చాలి?"
"దేనితోనూ వద్దు."
ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. నాకూ.

అప్పుడు త్సెవెల్మా,
బజార్లో ఒంటె ఉన్ని మేజోళ్ళమ్మే ముసలామె,
ఇన్ని వారాలూ పెదవి విప్పనిది,
ఉప్పు చాయ్ గిన్నె కింద పెట్టింది.
"పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అని
పోయినవారం రాయించావు.
పూర్తిగా అంటే, చలి కూడానా?"

నా కాగితాల్లో ఆకలి ఉంది, దాహం ఉంది, కన్నీళ్ళున్నాయి.
చలి లేదు.
సువార్త తిరగేశాను, వేళ్ళు కొంకర్లు పోతుంటే.
"ఆయన్ని పట్టుకెళ్ళిన రాత్రి చలి.
బంట్రోతులు బొగ్గుల మంట వేశారు.
పేతురు వెళ్ళి కాచుకున్నాడు."
"ఆయనో?"
"ఆయన చేతులు కట్టేసి ఉన్నాయి."

ఆమె ఇంకేం అడగలేదు.
పుస్తకంలో ఏదో రాసుకుంది,
పెన్సిల్ నాలుకకి అద్ది, మెల్లగా.

తలుపు తెరుచుకుంది. దవాసురెన్,
కనుబొమ్మలు తెల్లగా, పెదాలు నీలంగా.
త్సెవెల్మా లేచి
పొయ్యి దగ్గరి తన పీట అతని వైపు తోసింది.
"నేను రాకముందు ఏం చెప్పారు?"
నోమిన్ నిట్టూర్చింది:
"నీళ్ళు కాదంట."