నాలుగు నిమిషాల మంచు

మా స్టూడియోలో ఒక మంచుకొండ ఉండేది,
గుడ్డ మీద. చుట్టి మూలన నిలబెడితే నా ఎత్తు.
ఆంబూరులో సినిమా బోర్డులు రాసే ఆయనతో
నాయన వేయించినాడు.
ఆయనా మంచు చూసినోడు కాదు,
సున్నం చూసినోడు.
కొండ ఎడమ కాలు దగ్గర ఎలుక కొరికితే
అక్కడొక ప్లాస్టిక్ పూలకుండీ పెట్టేసినాం.
దాని ముందర కుప్పం కొత్తజంటలు
మే నెల చెమట తుడుచుకుని
చలికి వణికినట్టు నవ్వేవాళ్ళు.

మాకు మంచంటే మల్బరీ ఆకు మీది తడి.
అది ఆరేదాకా కొడవలి ముట్టుకోనిచ్చేది కాదు అమ్మ,
తడాకు తింటే పురుగు గూడు కట్టదని.
కొండ మీది తెలుపుకీ ఆకు మీది తడికీ
ఒకే మాట పెట్టి ఊరకున్నారు పెద్దోళ్ళు.
దీన్ని చూసిన కండ్లతోనే
దాన్ని ఊహించుకోమని కాబోలు.

పుష్యమాసం పున్నమి.
ట్రైపాడ్ భుజాన వేసుకుని
గ్రానైటు ఫ్యాక్టరీల వెనక్కి పోయినా.
రాళ్ళు కోసిన నీళ్ళు ఏండ్ల తరబడి పారబోసి పారబోసి
అక్కడ తెల్లటి గుట్టలు లేచినాయి.
పగలు చూస్తే కండ్లు మండే బూడిద.
రాత్రి, వెన్నెల్లో,
ఒక్క గడ్డిపోచ కూడా మొలవని ఆ తెలుపు
నాయన గుడ్డను మించిపోయింది.

"ఎవురది?" అన్నాడు వాచ్‌మన్ చెంగప్ప.
టార్చి ఆర్పమని బతిమాలుకున్నా.
వెన్నెలకి తొందర లేదు మామా,
నాలుగు నిమిషాలు తలుపు తీసి పెడితేగానీ లోపలికి రాదు.
అందాక కదిలేదేదీ బొమ్మలో పడదు,
నిలబడిందే పడతాది.
"అట్లయితే నన్ను తియ్యి," అన్నాడు,
"పోయినేడు గేటు కాడికి తోసినారు గానీ
పాలిషింగు మిషను ముందర పద్దెనిమిదేండ్లు
ఒకే చోట నిలబడినోణ్ణి."

తువ్వాలు సర్దుకుని గుట్ట ముందర నిలబడినాడు.
కేబుల్ బటన్ నొక్కి పట్టుకున్నా.
ఒకటి, రెండు, మూడు... అరవై.
కుక్క ఒకటి అడ్డంగా పోయింది, దానికి లెక్క లేదు.
బెంగళూరు రైలు దూరంగా
ఒక పసుపు దారం లాగి తెంపేసింది.
నూటముప్పై దగ్గర
చెంగప్పకి దగ్గు వచ్చింది.

ఆపుకోవాలని చూసినాడు. నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు.
భుజాలు ఎగిరెగిరి పడతాండాయి.
కాళ్ళు మాత్రం, చెప్పినానని,
ఒక్క అంగుళం జరగనీలేదు.
నేను బటన్ వదలాల్సింది.
వదల్లేదు.
నూటనలభై, నూటయాభై అంటానే ఉండా.

తెర మీద మంచు పడింది.
నీలం నీడలు, గీతలైన చుక్కలు,
ఎవురూ తొక్కనట్టున్న కొండ.
దాని ముందర హవాయి చెప్పుల్లో రెండు కాళ్ళు,
వేళ్ళు లెక్కపెట్టొచ్చు.
మోకాళ్ళ పైన పొగ.
చెంగప్ప చానా సేపు చూసినాడు.
"యాడిది ఇది? చల్లగుండాదే," అన్నాడు.
కాళ్ళు ఎవురివని అడగలేదు.

ఇంటికొచ్చి లెన్సు తుడిస్తే గుడ్డంతా తెలుపు.
ట్రైపాడ్ మరల్లో ఇప్పటికీ కరకరమంటాది.
మంచయుంటే తెల్లారేసరికి నీళ్ళయ్యేది.

పోయిన వారం గుడుపల్లె నుంచి ఒక జంట వచ్చినారు.
గోడ మీది బొమ్మ చూపించి
"కాశ్మీరు ముందర తియ్యన్నా" అన్నారు.
మనిషెత్తు ప్రింటు అది, ఆర్నెల్ల అప్పు.
పిల్ల పయిట భుజాల మీదికి లాక్కుని
అప్పుడే వణకడం మొదలుపెట్టింది.
నేను అటక మీంచి పూలకుండీ దించి,
దుమ్ము దులిపి,
ఆ రెండు కాళ్ళున్న చోట పెట్టినా.