గాలికి నిలిచే పేరు

పదకొండు రోజులైంది. ఇంకా వాడు వాడే.
వాడు పాలు తాగాడు, వాడు పడుకున్నాడు,
వాడు తుమ్మాడు.
సర్వనామం మీదే బతుకుతున్నాడు
మా పిల్లాడు.

కరెంటు బిల్లు వెనక మ్వీరన్ రాసిన జాబితా
ఫ్రిజ్ తలుపుకి, పీత బొమ్మ అయస్కాంతం కింద.
అన్నీ పాత పేర్లే.
మా బురదనేల అడుగు నుంచి కోసి తీసిన
పీట్ గడ్డల్లా నల్లగా, తడిగా,
ఇంకా ఎవరి పొయ్యిలోనూ రాజుకోనివి.

రూఅన్ అంటే ఎర్రజుట్టు వాడు.
వీడికి రంగు సంగతి తర్వాత, జుట్టే లేదు.
డారా అంటే ఓక్ చెట్టు.
కిటికీలోంచి చూడు, అంది మ్వీరన్,
ఎక్కడుంది ఓక్?
రాయి, రాయి మీద నాచు, నాచు మీద వాన.
టైగ్ అంటే కవి.
ఉన్న అప్పులు చాలవా, అన్నాను నేను.

ఆనవాయితీ ప్రకారమైతే
తొలి మగపిల్లాడికి తాత పేరు.
మా నాన్న పేరు పెట్టమని
అమ్మ అడుగుతుందనుకున్నాం.
ఆ ఊసే ఎత్తలేదు.

తడి కోటు విప్పకుండానే జాబితా చదివింది.
పేర్లకే పేర్లు పెట్టడం మొదలెట్టింది.
"అర్థాలు ఎవడిక్కావాలిరా?
అన్నానికి పిలిస్తే వినబడాలి పేరు.
కొనెమారా గాలికి నిలవాలి."
కాగితం చేత్తో పట్టుకుని
పెరటి గోడ దాకా నడిచింది.

"టైగ్!"
గోడ దాటకుండానే గాలి మింగేసింది.
ఒంటి ముక్క పేరు గులకరాయిలాంటిది,
విసిరితే పోతుందంతే, అంది.

"బ్రన్!"
పక్కింటి కుక్క పరుగెత్తుకొచ్చింది.
తోక ఊపుతూ అమ్మ బూట్లు నాకింది.
ఆ పేరు కొట్టేశాం.

"ఫియక్రా!"
రెండు గొర్రెలు తలెత్తి,
మనకి కాదులే అని మళ్ళీ మేతలో పడ్డాయి.

అరవై తొమ్మిదేళ్ళు అమ్మకి.
గొంతు మాత్రం,
ఐదుగురు పిల్లల్ని ఒడ్డు మీది రాళ్ళ నుంచి
పోటు రాకముందే ఇంటికి లాక్కొచ్చిన
అదే గొంతు.

జాబితా అయిపోయింది.
లోపలికి రమ్మన్నాను. రాలేదు.
కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.
కాసేపు ఊరికే నిలబడింది.
తర్వాత
మేం రాయని పేరొకటి పిలిచింది.

"క-హల్!"

నోరంతా తెరిచిన అచ్చు,
నడుమ ఉత్త ఊపిరి,
చివర అంగిలికి ఆనిన నాలుక.
గాలి దాన్ని మింగలేదు, మోసుకుపోయింది.

అవతల బురదనేలలో
పీట్ కోస్తున్న ముసలి ఫెస్టి
వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.
మెల్లగా నడుం నిలబెట్టాడు. టోపీ తీశాడు.
మా వైపు చూడలేదు.
నీళ్ళ వైపు చూశాడు.

అతని అన్న పేరది.
పీతల బుట్టలు ఎత్తడానికి వెళ్ళినవాడు.
పడవ దొరికింది.
యాభై ఏళ్ళుగా ఈ ఒడ్డున ఏ తల్లీ
ఆ పేరు బిడ్డకి పెట్టలేదు.
పైకి అనుకోని ఒప్పందం ఏదో ఉన్నట్టు.

అమ్మకి అప్పుడు పంతొమ్మిదని
నేను లెక్కేసుకున్నది
చాలా రోజుల తర్వాత.
అడగలేదు. అడిగితే చెప్పేదే కాదు.

రిజిస్ట్రారు ఆఫీసులో
క్లిఫ్డెన్ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి
పెన్ను ఆపి అడిగింది:
"మధ్యలో 'టీ' ఉందా?"
"ఉంది," అన్నాను. "రాస్తాం. పలకం."

ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గర
రెండు సంచుల ఎండిన పీట్.
చీటీ ఏం లేదు.
అమ్మ ఉయ్యాల పక్కన కూర్చుని
ఈసారి గొంతెత్తకుండా,
గాలితో పని లేకుండా,
ఆ పేరే మెల్లగా అని చూసుకుంటోంది.

కహల్ తుమ్మాడు.