మోతాదు

మొదటిరోజు దేముడుగారు నాకు పుస్తకం ఇవ్వలేదు.
ఉప్పుసీసా చేతిలో పెట్టి
"ఇది విసమా కాదా, సెప్పమ్మా" అన్నారు.
కాదన్నాను.
"దోసెడు మింగు మరి."
నవ్వాను. ఆయన నవ్వలేదు.
"మంచినీళ్ళైనా అంతే.
ఏటి అని కాదు, ఎంత అని అడగాల.
ఈ సదువు మొత్తం ఆ ఒక్క మాట."

ఆయన అటెండరు. నేను ఎమ్మెస్సీ, గోల్డ్‌మెడల్.
కిటికీలో హార్బరు క్రేన్లు,
సింకు పక్కన ఆరని గ్లౌజులు.

చోడవరం నుంచి లక్కముద్ర వేసిన జాడీ వచ్చింది.
ఉప్పునీళ్ళలో కాలేయం ముక్క.
"ఇది నేరం తాలూకు విసం, కోర్టుకెల్తాది.
సచ్చినోడికి తొందర్లేదు, నువ్వూ నిమ్మళంగా సెయ్యి.
అంకె తప్పితే ఇంకో మనిషి జైల్లో కూకుంటాడు."

ఆ రాత్రే శాంపిల్ కోసం కేజీహెచ్‌కి వెళ్ళాం.
కూల్‌డ్రింకు సీసాలో పోసిపెట్టిన కిరసనాయిలు,
నాలుగేళ్ళ పిల్లాడు.
వాంతి చేయించొద్దని డాక్టరమ్మ అరుస్తోంది.
ఎంత తాగాడు? ఎప్పుడు?
తల్లి బొటనవేలు సీసా మీద పెట్టి చూపించింది,
ఇక్కడిదాకా ఉండేదని.
ఆ వేలు తియ్యడం మర్చిపోయింది చాలాసేపు.
"ఇది ఆస్పత్రి విసం" అన్నారు దేముడుగారు మెట్ల మీద.
"ఇక్కడ బేగి పరిగెట్టాల."

విషం నడిచే దారి తరవాత చదువుకున్నాను.
నోరో ముక్కో చర్మమో దానికి గుమ్మం,
కిడ్నీలు పెరటివాకిలి.
మధ్యలో కాలేయం చెక్‌పోస్టు.
అది ఒక్కోసారి అమాయకుణ్ణి లోపలికి పిలిచి
హంతకుణ్ణి చేసి పంపుతుంది.
కొన్ని అసలు బయటికే పోవు,
కొవ్వులో ఇల్లు కట్టుకుంటాయి.
జుట్టు మాత్రం నెలకో సెంటీమీటరు చొప్పున
అన్నీ రాసిపెట్టుకుంటుంది.

జాలరిపేటలో మైలపల్లి పోలమ్మ
బుట్టలోంచి ఆల్చిప్పలు తీసిచ్చింది.
"నీళ్ళనడిగితే సెప్పవమ్మా, ఈట్నడుగు."
చిన్నచేప అప్పు పెద్దచేప ఖాతాలోకి,
పెద్దచేపది మన కంచంలోకి.
పర్యావరణమన్న పెద్దమాట పక్కన
నోట్‌బుక్‌లో పోలమ్మ పేరు రాసుకున్నాను.
వన్‌టౌన్ దండేల మీద పంచెలు
ఏ ల్యాబుకీ రాకుండానే రిపోర్టిచ్చేశాయి, నల్లగా.

హద్దులు గీసేవాళ్ళ లెక్క ఒకటుంది.
ఎలుకకి హాని చెయ్యని మోతాదుని
ఒకసారి పదితో భాగిస్తారు, ఎలుక మనిషి కాదు గనక.
ఇంకోసారి పదితో, మనిషీ మనిషీ ఒకటి కాదు గనక.
ఆ రెండో పది దగ్గర
నేను చాలాసేపు ఆగిపోయాను.

ఒకరోజు పసుపుపొట్లంలో సీసం రంగు పట్టుకుని
గర్వంగా చూపించాను.
దేముడుగారు కుర్చీ లాక్కున్నారు.
"బళ్ళో సీసమంటే పద్యమని సెప్పేరు మాస్టారు.
అది నోటికి రాలేదు.
ఆటోనగర్ బ్యాటరీ షెడ్డులో పదకొండేళ్ళు.
ఇది ఎముకల్లోకొచ్చింది."

అప్పుడు చూశాను, ఆ కుడి మణికట్టు
దండేన మరిచిన చొక్కా చెయ్యిలా వాలిపోవడం.
చిగుళ్ళ వెంట సన్నని నీలిగీత.
ఇన్నాళ్ళూ కిళ్ళీ మరక అనుకున్నాను.
పనిచోటు విషం మీద నేను రాసిన పరీక్షకి
తొంభై రెండు మార్కులొచ్చాయి.

ఆయన నెత్తురు నేనే తీశాను.
ఎవరి పేరూ లేని నంబరు వేసి మెషిన్‌లో పెట్టాను.
షెడ్డు మానేసి ఎన్నేళ్ళో అయింది,
ఎముక ఇంకా వాయిదాల్లో చెల్లిస్తూనే ఉంది.
కాగితం మీద గీత లేచింది, దిగింది.
రిమార్కుల గడిలో ఏం రాయాలో తోచలేదు.

"ఎంత?" అన్నారు.

చెప్పాను.

తలాడించి, సీసా అందుకుని, చీటీ అంటించారు.
వంకర పోయింది.
పీకి, గోటితో అంచు సరిచేసి,
మళ్ళీ అంటించడం మొదలుపెట్టారు.