పెన్సిల్ రాత

పెరంబూరు ల్యాబులో రక్తం గొట్టాల మీద
పేర్లు అంటించే పని నాది.
ఊదా మూత, ఎర్ర మూత.
షుగరుకో అంకె, థైరాయిడ్‌కో అంకె.
నాకున్నదానికే అంకె లేదు.

మొదటి డాక్టరు డిప్రెషన్ అన్నాడు.
రెండో ఆయన బైపోలార్ అని రాసి
నాలుగేళ్లు లిథియం మింగించాడు.
మూణ్ణెల్లకోసారి చెయ్యి చాపి
నా గొట్టానికి నా పేరు నేనే అంటించుకున్నాను.
లెవెలు ప్రతిసారీ చక్కగానే వచ్చేది,
నేనే రాలేదు.
అమ్మ మాత్రం ఏ చీటీలోనూ లేని పేరు పెట్టింది:
పొగరు.

అయనావరంలో ఫిలోమినా గారు
క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి
"మనసు ఎగిస్తే ఎన్నాళ్లు ఉంటుంది?" అన్నారు.
నాళ్లా! నవ్వొచ్చింది.
తొమ్మిదింటికి వాసుకి నా ప్రాణం.
పదకొండుకి ఫోనెత్తలేదు, ద్రోహి.
రెండింటికి "తింటున్నానే, ఏమైంది?" అంది.
మూడింటికి నా చేతులకు
నేనే కాపలా కూర్చున్నాను.

"నిద్రలేకున్నా అలుపు తెలియని వారాలున్నాయా?"
లేవండీ. ఒక్క రాత్రి నిద్ర చెడితే
మర్నాడు నేను కాశిమేడు గట్టు మీద చేపని.
"సరే, ఎగిసే ముందు ఏం జరుగుతుంది?"
ఇది ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.
వెతికితే, ప్రతిసారీ
ఎవరో ఒకరు చెప్పుల వైపు చూశారు.
అంతే. చూశారు.

"అది ఐప్పసి వానమ్మా.
పట్టిందంటే వారాలు. ఎవరి మాటా వినదు.
నీది కాలింగ్ బెల్లు.
ఎవరో నొక్కుతారు, లేదా
నొక్కారని నీకనిపిస్తుంది.
చిన్నప్పటి భయాలదీ ఇంచుమించు ఇదే మోత.
రెండూ ఉండొచ్చు. నాకు తొందర లేదు."

నాలుగోసారి వెళ్తే
"బోర్డర్‌లైన్ అనుకుంటున్నా" అని
ఫైల్లో పెన్సిల్‌తో రాశారు.
మా ల్యాబులో పెన్సిల్ వాడనివ్వరు,
చెరిగిపోతుందని.
బస్సులో చాలాసేపు దాని గురించే ఆలోచించాను.
ఇన్నాళ్లూ నన్ను ఇంకుతో రాశారు.

ఆ మాట ఇంట్లో చెప్పలేదు.
చెబితే ఏ సరిహద్దు, ఎవరితో యుద్ధం అంటారు.
ఒకటి ఒప్పుకోవాలి, కాస్త ఊరట కలిగింది,
వెంటనే భయమేసింది,
వాసుకికి తెలిస్తే చెప్పులు తొడుక్కుంటుందని.

క్యాలెండర్ గడి చిన్నది, రోజుకొక్కటే.
దాన్ని గంటలుగా చీల్చుకున్నాను.
ఇవాళ నాలుగూ ఇరవై:
వాసుకి ఇంకా ఫోను చెయ్యలేదు. మోగుతోంది.
రాశాను.
పెన్ను గట్టిగా పట్టుకుని
నాలుగూ ఇరవై ఒకటి కోసం
చూస్తున్నాను.